గొంతు మారిన పిమ్మట

మనిషికి ఈ లోకమున కొన్ని సొంతముగా లభించును, కొన్ని ఎరువుగా లభించును. ఇల్లు వాకిలి, పొలము పుట్ర సొంతమని తలచుచుందుము. యౌవనము, దేహబలము, పదవి, పిల్లల పసితనము మాత్రము ఎరువు సొమ్ములని అందరమును ఎరిగినవారమే. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరక చెప్పలేదు. అయినను ఆ సొమ్మును తిరిగి ఒప్పగింపవలసిన దినము వచ్చినపుడు, ఎవరో మన ఇల్లు దోచుకొనిపోయినట్లు దుఃఖింతుము. ఈ దుఃఖము న్యాయమైనదేనా? ఒప్పగించిన పిమ్మట మనకు మిగులునది ఏమైన ఉన్నదా? ఒకనాడు ఆ సొమ్ముతో పదిమందిని సంతోషపెట్టినవాని యెడల, అది చెల్లిపోయిన పిమ్మట, ఆ పదిమందికి కర్తవ్యమేమైన కలదా?

ఈ ప్రశ్నలకు వేదాంతులు పెద్ద గ్రంథములలో సమాధానములు చెప్పియున్నారు. మేము వేదాంతులము కాము. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, రెండు తక్కువ నలువదియేండ్లు ఒక కార్యాలయములో గుమాస్తాపని చేసి విశ్రాంతి పొందినవారము. కాని ఈ ప్రశ్న మమ్ము పదునాలుగవ యేట ఒకసారియు, అరువదవ యేట మరియొకసారియు పట్టుకొన్నది. రెండుసార్లును ఒకే వేషమున వచ్చినది. మొదటిసారి మాకు సమాధానము తెలియక చాల పోగొట్టుకొంటిమి. రెండవసారి తెలిసినది కొంచెమే అయినను, మన బెంగళూరు తెలుగు కుటుంబముల పెద్దలతో పంచుకొనదగినదని తోచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఇందుకు మేము ఎంచుకొన్న దృష్టాంతము క్రైస్తవ ప్రధాన దేవాలయములలోని గాయకబృందము. దానినే మా యిండ్లలో 'క్వయరు' అందుము.

బిషప్పు పీఠమున్న గుడిని కెథీడ్రలు అందురు. తెలుగుదేశమున ఇట్టివి రెండు ప్రసిద్ధములు. మెదకులోని గుడిని కరవు రోజులలో వేలమందికి కూలియు కూడును కల్పించుచు పాస్నెట్ దొరగారు కట్టించిరి. అది 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందినది. డోర్నకలు గుడి అజరయ్య బిషప్పుగారి సంకల్పము. 1939లో ప్రతిష్ఠ జరిగినది. మన బెంగళూరులో మహాత్మాగాంధీ రోడ్డు కబ్బన్ పార్కును సమీపించు చోట సెయింట్ మార్క్స్ కెథీడ్రలు ఉన్నది. ఆ దారిని పోవునపుడు దాని గుమ్మటమును చూడని బెంగళూరు తెలుగువారు ఉండరు. దండులోని సైనికుల కొరకు 1808లో దాని నిర్మాణము ఆరంభించిరి. 1816లో ప్రతిష్ఠ చేసిరి. 1923లో అగ్నిప్రమాదము వలన అది చాల భాగము పాడైపోగా, 1927 నాటికి మరల నిలబెట్టిరి. లండను నగరములోని సెయింట్ పాల్స్ కెథీడ్రలు దానికి ఒరవడి అని చెప్పుదురు. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన. వ్యాసము చివర దానితో పని యున్నది.

ఇక గాయకబృందము సంగతి. మన సంగీతమున పదిమంది కూడి పాడినను అందరిదియు ఒకటే వరుస. ఒకరు శ్రుతి పట్టిన, తక్కినవారు ఆ శ్రుతిలోనే ఒదిగిపోవుదురు. 1803 మొదలు 1890 వరకు జీవించిన పురుషోత్తమ చౌదరిగారు మొదలైనవారు రచించిన తెలుగు క్రైస్తవ కీర్తనలును ఈ త్రోవనే నడచినవి. వానికి రాగతాళములు, పల్లవి, చరణములు గలవు. పాశ్చాత్యుల క్వయరు అట్టిది కాదు. అందు నాలుగు వరుసలు. పైన సొప్రానో లేక ట్రెబుల్, దాని క్రింద ఆల్టో, తరువాత టెనరు, అడుగున బాసు. నలుగురును ఒకే మాటను ఒకే క్షణమున పలుకుదురు. కాని నలుగురివి నాలుగు స్వరములు. విడివిడిగా వినిన క్రింది మూడు వరుసలును పెద్ద ఇంపుగా ఉండవు. ఆల్టో పాడువాడు ఇంటికి పోయి తన వరుసను ఒంటరిగా పాడిన, ఇది ఏ పాట అని తల్లియే అడుగును. నాలుగును కలిసినపుడే అది పాట.

ఇంగ్లండు కెథీడ్రలులలో పైవరుస పాడుటకు చిన్న బాలురను పెట్టుట అనేక శతాబ్దముల ఆచారము. ఆరవ హెన్రీ రాజు 1441లో కేంబ్రిడ్జిలో కింగ్స్ కాలేజీ స్థాపించి, దాని గుడిలో పాడుటకు పదునార్గురు బాలురు ఉండవలెనని శాసించెను. ఎనిమిదేండ్ల ప్రాయమున బాలుని పరీక్షించి తీసికొందురు. బడికి ముందు సాధన, బడి విడిచిన పిమ్మట సాయంకాల ఆరాధన. పండుగనాడు తక్కిన పిల్లలకు సెలవు, వీరికి మాత్రము పని హెచ్చు. జర్మనీలోని లైప్జిగులో సెయింట్ థామస్ గుడి బాలబృందము 1212 నాటిది. బాక్ మహాశయుడు 1723 నుండి 1750లో కన్నుమూయు వరకు దానికి గురువుగా ఉండెను. చాలకాలము ఈ స్థానము బాలురకే పరిమితమై యుండెను. 1991లో సాల్స్‌బరీ కెథీడ్రలు బాలికలకు ప్రత్యేక బృందము ఏర్పరచిన పిమ్మట అనేక కెథీడ్రలులు ఆ దారిని పట్టినవి.

బాలుని గొంతునందు ఒక విశేషము కలదు. దానికి తడి యుండదు, వణకు ఉండదు. తెల్లవారుజాము గాలి వలె తేటగా పోవును. కాని అది ఎరువు సొమ్ము. పదమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున గొంతులోని ధ్వనిపేటిక పెరుగును, నాదతంతువులు పొడవై దళసరి యగును. స్వరము ఇంచుమించు ఒక స్థాయి క్రిందికి దిగిపోవును. ఆ మార్పు జరుగు మాసములలో పలుకు ఎటు పోవునో పలుకువానికే తెలియదు. ఇందు బాలుని తప్పేమియు లేదు. సాధన తక్కువై కాదు, అశ్రద్ధ వలన కాదు. ఆరోగ్యముగా ఎదుగుటయే అతడు చేసిన నేరము. బృందమున అందరికంటె బాగుగ పాడుటకు నేర్చిన నాటికే ఆ గొంతు వానిని విడిచిపోవును. నేర్పు శిఖరమున ఉండగా సాధనము చేజారుట అనునది ఇంత పిన్నవయసున మరి యే వృత్తియందును అరుదు.

ఇపుడు మా సంగతి కొంచెము చెప్పుకొనవలెను. మా తాతగారు కడప సీమ నుండి బ్రదుకుతెరువుకై దండుకు వచ్చి స్థిరపడిరి. మా నాయనగారు ఇక్కడనే పుట్టిరి. ఆయన ఒక గుడి క్వయరులో బాసు పాడుచుండిరి. పేరు చెప్పనక్కరలేని ఆ గుడిలోనే మేము ఎనిమిదవ యేట ట్రెబుల్ వరుసలో చేరితిమి. ఇంట నాయనమ్మ పాడు తెలుగు కీర్తనలు ఒక చెవిని, గుడిలో ఆర్గను వెంట సాగు నాలుగు వరుసల పాటలు ఒక చెవిని నింపుకొని పెరిగితిమి. క్రిస్మసు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకు నాయనగారు రేడియో త్రిప్పి, కింగ్స్ కాలేజీ నుండి వచ్చు ఆరాధనను ఇల్లంతయు నిశ్శబ్దము చేసి వినిపించెడివారు. అది 1918లో, మొదటి మహాయుద్ధము ముగిసిన మరుసటి నెలలో ఆరంభమైనది. 1928లో మొదటిసారి రేడియోలో వచ్చినది. అందు మొదటి చరణమును ఒక బాలుడు ఒంటరిగా పాడును. ఆ బాలుడు ఎవరో పాడబోవు క్షణము దాక ఎవరికిని చెప్పరట. నాయనగారు ఆ మాట చెప్పి, "చూడు నాయనా, అది వాడి పాట కాదు, అక్కడ నిలబడినవాడి పాట" అనిరి. అప్పుడు మాకు ఆ మాట అర్థము కాలేదు.

1974 డిసెంబరులో మా గుడిలో అట్టి మొదటి చరణము పాడుటకు మమ్ము నియమించిరి. పండుగకు పది దినములు ఉండగా సాధనలో మా గొంతు విరిగిపోయినది. రెండవ పంక్తి నడుమ స్వరము పగిలి, కోడిపుంజు కూసినట్లయినది. తోటి పిల్లలు నవ్విరి. క్వయరు మాస్టరుగారు నవ్వలేదు. మా చేతిలోని పుస్తకము తీసికొని పక్కబాలునికి ఇచ్చి, రేపటినుండి రానక్కరలేదనియు, అంగీ ఉతికి ఒప్పగింపవలెననియు చెప్పి సాధన సాగించిరి. ఆయన చెడ్డవారు కారు. పండుగ దగ్గరపడినది, పని తొందర. మా అమ్మ ఆ తెల్లని అంగీని ఉతికి, ఇస్త్రీ చేసి, కాగితములో చుట్టి ఇచ్చినది. గుడి వెనుక గదిలో దస్తరు పట్టు పెద్దమనిషి దానిని విప్పి చూచి, చిట్టాలో 'అంగీ, ఒకటి, వచ్చినది' అని వ్రాసికొనిరి. ఆరేండ్లు పాడినదానికి అదియే మాకు వీడ్కోలు. ఆ పండుగనాడు జ్వరమని చెప్పి మేము గుడికి పోలేదు. తరువాత పోవుచుండినను క్వయరు పాడునపుడు పుస్తకము మూసికొని నిలబడుచుంటిమి.

ఇట్టి అనుభవము మా ఒక్కరిదే అనుకొనెడివారము. పెద్దయైన పిమ్మట చదువుకొనగా, మాకంటె ఎంతో గొప్పవారికి ఇంతకంటె కష్టము కలిగినదని తెలిసినది. ఆస్ట్రియా సంగీతకర్త జోసెఫ్ హైడన్ బీదకుటుంబమున 1732లో పుట్టి, ఎనిమిదేండ్ల ప్రాయమున వియన్నా నగరములోని సెయింట్ స్టీఫెన్స్ కెథీడ్రలు బాలబృందమునకు తీసికొనిపోబడెను. కొంతకాలమునకు అతని తమ్ముడు మైఖేలు అదే బృందమున చేరి, అన్న పాడు చోటులను తాను పాడసాగెను. మహారాణి మారియా థెరీసాయే అన్న గొంతు కోడికూత వలె ఉన్నదని ఆక్షేపించెనని కథ. 1749లో, తోటి బాలుని జడ కత్తిరించెనన్న అల్లరి నెపమున హైడనును వెళ్ళగొట్టిరి. నవంబరు మాసము, చలి, చేతిలో డబ్బు లేదు. అతనిని చేరదీసినవాడు రాజు కాడు, ప్రభువు కాడు. స్పాంగ్లరు అను ఒక బీదగాయకుడు, భార్యాబిడ్డలతో తాను ఉన్న ఇరుకు మేడగదిలో అతనికి పడుకొనుటకు చోటు ఇచ్చెను. ఏండ్లు గడచి హైడన్ ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువున సంగీతాధికారి యైన పిమ్మట, 1768లో ఆ స్పాంగ్లరు కుమార్తెకు అక్కడ గాయనిగా ఉద్యోగము ఇప్పించెను.

అదే వియన్నాలో ఫ్రాంజ్ షూబర్ట్ 1808లో రాజభవనపు గుడి బాలబృందమున చేరెను. 1812 జూలైలో అతని గొంతు మారెను. తాను చివరిసారి కూసినది ఈ దినముననేయని తారీఖుతో సహా ఒక పాట ప్రతిమీద హాస్యముగా వ్రాసికొనెను. అతనిని వెంటనే వెళ్ళగొట్టలేదు. మరుసటి యేడు వరకు ఆ విద్యార్థిగృహముననే ఉండి చదువుకొననిచ్చిరి. 1812లోనే అతడు సాలియేరి పండితుని కడ సంగీతరచన అభ్యసింపసాగెను. గొంతు పోయిన సంగతిని హాస్యముగా వ్రాసికొనగలిగినవానికిని, నవంబరు చలిలో వీథిని పడినవానికిని ప్రతిభలో పెద్ద భేదము లేదు. భేదమంతయు వారిని సాగనంపిన విధమున ఉన్నది.

ఇందుకు ప్రతివాదము లేకపోలేదు. గాయకబృందము పిల్లల ఓదార్పు కొరకు పెట్టినది కాదు. అది దేవునికి అర్పించు నైవేద్యము. పగిలిన కొబ్బరికాయను ఎవరును ముందుగా ఎంచి తీసికొనిపోరు. గొంతు మారినవానిని మొగమోటముచే నిలిపిన, తక్కిన పదునైదుమంది సాధన వ్యర్థమగును. న్యాయము చూడగా మాస్టరుగారు చేసినది సబబే. ఈ వాదమును మేము చాలకాలము ఒప్పుకొనలేదు. ఇపుడు సగము ఒప్పుకొందుము. చోటు విడువక తప్పదు. అయితే చోటు విడుచుట వేరు, వెళ్ళగొట్టబడుట వేరు. మొదటిది కాలధర్మము, రెండవది మనుష్యులు చేయు పని. కాలధర్మముపై నెపము పెట్టి మనుష్యులు తమ తొందరను దాచుకొనరాదు.

మన గోష్ఠిగానమును చూచిన ఈ విషయము ఇంకను స్పష్టమగును. త్యాగరాజస్వామివారు 1847లో సిద్ధి పొందిరి. ఏటేట పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారున కావేరి ఒడ్డునను, మన బెంగళూరులోను, తెలుగువారు ఉన్న అనేక నగరములలోను నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగముల పంచరత్న కీర్తనలను గోష్ఠిగా పాడుదురు. ఆ గోష్ఠిలో విద్వాంసుని పక్కన విద్యార్థి కూర్చుండును. ఎనుబదియేండ్ల వృద్ధుడు గొంతు వణకుచుండగా వెనుక వరుసలో పెదవులు కదుపుచుండును. లెమ్మని వానితో ఎవరును అనరు. అయినను మనలను మనము మెచ్చుకొనుటకు తొందరపడరాదు. ఒకప్పుడు ఆ సన్నిధిలో స్త్రీలకు పాడు చోటు లేకుండెను. బెంగళూరు నాగరత్నమ్మగారు (1878–1952) తన సొమ్ము వెచ్చించి స్వామివారి సమాధికి గుడి కట్టించి, స్త్రీలను కూడగట్టి వేరుగా పాడించి, ఆ చోటును సంపాదించిరి. కావున కెథీడ్రలు శ్రేష్ఠతకై మనిషిని విడిచిపెట్టు ప్రమాదమున ఉన్నది. గోష్ఠి తాను ఆదరించుచున్నానన్న తృప్తిలో వాకిట నిలిచినవారిని మరచు ప్రమాదమున ఉన్నది. రెండింటికిని అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఈ చోటు ఎవరిది?

మా కథలో ఇంతవరకు తప్పు ఎదుటివారిది. ఇకమీద మాది. పదునెనిమిదవ యేటికి మా గొంతు కుదుటపడి బాసుగా నిలిచినది. ఒకనాటి సాయంకాలము నాయనగారు సాధనకు బయలుదేరుచు, "బాసులో నా పక్కన చోటుంది, రా నాయనా" అనిరి. కొత్త ఉద్యోగము, పని ఎక్కువ అని చెప్పితిమి. అప్పటికి మాకు ఉద్యోగము రానే లేదు. పరీక్షకు దరఖాస్తు మాత్రము పెట్టుకొని యుంటిమి. ఆ సంగతి ఆయనకు తెలియును. మరల రెండుసార్లు, ఏడాదికొక్కసారి చొప్పున అడిగిరి. పిమ్మట అడుగుట మానిరి. ఆయన మరి కొన్నియేండ్లు పాడి, ఊపిరి చాలక విరమించిరి.

ఆయన భూస్థాపననాడు పాత క్వయరు వారందరును వచ్చిరి. కొందరు దండు విడిచి దూరపు పేటలకు పోయినవారు, కొందరు కోలారునుండి బస్సులో వచ్చినవారు. అంగీలు లేవు, పుస్తకములు లేవు. సమాధి చుట్టును ఎవరి చోటున వారు నిలిచి, ఆయన ఇష్టముగా పాడుచుండిన కీర్తనను నాలుగు వరుసలలో పాడిరి. బాసు వరుసలో ఇద్దరే మిగిలిరి. వారి నడుమ ఒక మనిషి పట్టునంత చోటు ఖాళీగా ఉన్నది. వారు కావలెనని విడిచిరో, అలవాటుచే విడిచిరో మేము ఎరుగము. ఆ చోటున మేము నిలిచియుండవచ్చును. కాని నిలిచి ఏమి పాడగలము? మాకు తెలిసిన వరుస ట్రెబుల్ వరుస. దానికి తగిన గొంతు పోయి ఎన్నియో యేండ్లయినది. మాకున్న గొంతు బాసు గొంతు. దానికి తగిన వరుస మేము నేర్వలేదు. కన్నతండ్రిని మంటికి అప్పగించు వేళ, తెలిసిన పాటయే సాగుచుండగా, నోరు మెదపలేక నిలబడితిమి. మమ్ము ఎవరును వెళ్ళగొట్టలేదు. ఎవరును రావలదని అనలేదు. మూడుసార్లు పిలిచిన చోటునకు పోనిది మేమే.

అప్పుడైన బుద్ధి వచ్చినదా? రాలేదు. దుఃఖమును కూడ కోపములోనే కలిపి మూటకట్టి పెట్టుకొంటిమి. ఆ మూట విప్పినది మా పదవీ విరమణ.

2020 మే నెల చివరిదినమున మేము విశ్రాంతి పొందితిమి. అవి మహమ్మారి దినములు. కార్యాలయమున మనుష్యులు పలుచగా ఉండిరి. పూలదండ లేదు, సభ లేదు. అందుకు ఎవరిని అనుటకును లేదు. బీరువా తాళపుచెవులు, గుర్తింపు చీటి ఒప్పగించితిమి. మా చోటునకు వచ్చిన కుర్రవాడు మూతికి గుడ్డ కట్టుకొని, ఒక పుస్తకము ముందుపెట్టి సంతకము అడిగినాడు. చూడగా, 'తాళపుచెవులు, ఒక గుత్తి, వచ్చినది' అని వ్రాసియున్నది. అది మేమే ఆ కార్యాలయమున ముప్పదియెనిమిదేండ్లు వ్రాసిన వ్రాత. ఎందరి చేతనో సంతకము పెట్టించిన వ్రాత. వారిలో ఒక్కరినైన తలయెత్తి చూచితిమా? ఒక్కరితోనైన, అయ్యా, అపుడపుడు వచ్చుచుండుడని అంటిమా? జ్ఞాపకము రాలేదు. పదునాలుగవ యేట మాకు జరిగినదానిని మేము ఎందరికో జరిపితిమి. ఆనాడు గుడి వెనుక గదిలో చిట్టా వ్రాసికొన్న పెద్దమనిషికి ఆ క్షణమున మేము మనసులో క్షమార్పణ చెప్పుకొంటిమి.

ఇంటికి వచ్చి చాల దినములు ఆలోచించితిమి. గొంతు మా సొత్తు కాదు. అది ఎదిగే దేహము సొత్తు. కుర్చీ మా సొత్తు కాదు. అది కార్యాలయము సొత్తు. మరి ఆరేండ్ల సాధన వలన మాకు దక్కినది ఏమి? నెమ్మదిగా ఒక సంగతి తట్టినది. క్వయరులో బాలునికి నేర్పునది పాడుట సగమే. రెండవ సగము వినుట. తాను పాడుచునే పక్కవాని వరుస వినవలెను. తన గొంతు పక్కవానిని మింగుచున్నదేమో చూచుకొనవలెను. తన వరుసలో విరామము వచ్చినపుడు ఊరకుండి, అక్షరము తప్పక లెక్కించుకొని, తన వంతు వచ్చినపుడు మరల కలియవలెను. గొంతు మారినను ఈ విద్య మారదు. ఇది ఎరువు సొమ్ము కాదు. దీనిని ఎవరును చిట్టాలో వ్రాసికొని తిరిగి తీసికొనలేరు. మేము పోగొట్టుకొన్నది గొంతును కాదు. ఊరకుండవలసిన విరామమును శిక్షగా తలచి, లెక్క మాని, మరల కలియవలసిన చోటును పోగొట్టుకొంటిమి.

ఈ ఆలోచనలో ఉండగా హైడన్ కథలోని చివరి భాగము చదువుట తటస్థించినది. 1792లో అతడు లండనులో ఉండెను. అరువదియేండ్ల వయసు, దేశదేశముల కీర్తి. మన సెయింట్ మార్క్స్ గుడికి ఒరవడియని చెప్పు ఆ సెయింట్ పాల్స్ కెథీడ్రలులో ఏటేట ధర్మపాఠశాలల బీదపిల్లలు వేలకొలది కూడి పాడు ఆరాధన ఒకటి జరుగుచుండెడిది. హైడన్ పోయి వినెను. సుమారు నాలుగువేలమంది పిల్లలు నాలుగు వరుసలు లేక, మనవారి వలె ఒకటే వరుసగా, సామాన్యమైన స్తోత్రమును పాడిరి. తన జీవితమున ఏ సంగీతమును తనను ఇంతగా కదిలింపలేదని అతడు తన దినచర్యలో వ్రాసికొనెను. ఒక కెథీడ్రలు నుండి గొంతు మారినందుకు వీథిని పడిన బాలుడు, నలువదిమూడేండ్ల పిమ్మట వేరొక కెథీడ్రలులో కూర్చుండి, తనకు పోయిన గొంతును నాలుగువేల గొంతులలో విని సంతోషింపగలిగెను. అది ఎట్లు సాధ్యమైనది? తాను పాడుచుండినపుడును ఆ గొంతు తనది కాదని అతడు గ్రహించియుండవలెను. లేదా ఆ మేడగదిలో చోటిచ్చిన స్పాంగ్లరు వలన అతని మనసున చేదు నిలువక పోయియుండవలెను. రెండును నిజము కావచ్చును. మా నాయనగారు రేడియో ముందు చెప్పిన మాట ఆనాటికి మాకు అర్థమైనది.

ఇంగ్లండు కెథీడ్రలులలో పాడి వెలువడినవారు సంఘములుగా ఏర్పడి, ఏడాదికి ఒకమారు తమ తమ గుడులకు తిరిగివచ్చి, నేటి పిల్లల పక్కన నిలిచి పాడుదురు. 1910 నాటికే అట్టి సంఘములన్నింటికిని ఉమ్మడి సంఘము ఏర్పడినది. పాత గాయకులు చేయు పని ఏమనగా, చందాలు పోగుచేసి పిల్లల చదువునకు సాయపడుట, వచ్చి వినుట. వినువాడు లేని పాట సగమే. పాడి విరమించినవాని వంటి శ్రోత పాడువానికి మరియొకడు దొరకడు. ఏలయన, ఎక్కడ ఊపిరి అందదో వానికి తెలియును.

కావున మొదట వేసిన ప్రశ్నలకు మాకు తోచిన సమాధానము ఇది. దుఃఖము న్యాయమే, కాని దానిని దోపిడి అనుట అన్యాయము. విడుచువాని ధర్మము, చేదు లేక చోటు విడిచి, క్రింది వరుసను నేర్చుకొనుట. ఉండువారి ధర్మము, విడుచువాని పేరు పలికి, నీకు ఫలానిచోట స్థానమున్నదని చెప్పి సాగనంపుట. ఈ రెండింటిలో ఒకటి తప్పినను రెండవది నిలబడవలెను. మాస్టరుగారు తమ ధర్మము మరచిరి గనుక మేము మాది మరచితిమనుట సమాధానము కాదు. ఆ మరపుకు వెల చెల్లించినది మాస్టరుగారు కాదు, మా నాయనగారు.

ఆలస్యముగానైనను మేము ఒక పని చేసితిమి. గుడులు మరల తెరచిన పిమ్మట, అరువదిరెండవ యేట, మా గుడి క్వయరుకు పోయి బాసు నేర్పుమని అడిగితిమి. ఇపుడు అక్కడ నేర్పునది మా కుమార్తె యీడు ఇంజనీరమ్మ. ఆమె నవ్వలేదు. నాలుగు వారములు విని, వెనుక వరుసలో చివరి చోటు చూపి, పక్కవారి గొంతు మీకు వినబడునంత మెల్లగా పాడండి అంకుల్ అన్నది. మా గొంతు గొప్పది కాదు. పై షడ్జమము అందదు, క్రింది పంచమము నిలువదు. అయినను నాయనగారు పాడిన వరుస ఎట్టిదో మాకు ఇపుడు తెలిసినది. అది పైకి వినబడు వరుస కాదు. తీసివేసిన మాత్రము పైవన్నియు గాలిలో తేలును. పాడునపుడు ఆయన పక్కన ఉన్నట్లు తోచునని చెప్పము, అట్లు తోచదు. ఆయన ఎన్ని విరామములు లెక్కించుచు మాకై ఎదురుచూచిరో మాత్రము తోచును.

తెలుగు కీర్తన వంతు వచ్చిన వారమున ఆ బృందములోని మన పిల్లలకు మేము పలుకుబడి చెప్పుచుందుము. వారు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. మాటలను కన్నడ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో వ్రాసికొందురు. 'ళ'కారము పలుకలేనివారిని గద్దింపము. వారిలో పదమూడేండ్ల కుర్రవాడు ఒకడు ఉన్నాడు, మంచి ట్రెబుల్. మొన్నటి సాధనలో వాని గొంతు ఒకచోట జారినది. వాడు గతుక్కుమని వెనుకకు చూచినాడు. మేము మా పక్కనున్న బల్లమీది పుస్తకములు తీసి చోటు చేసి, వానికి చూపితిమి. వాడు ఇంకను రాలేదు. రావలసిన పనియు ఇంకను లేదు. కాని చోటు ఎక్కడ ఉన్నదో వాడు చూచినాడు.